ఓదేలు వాటా నీళ్ళు

నమోదు 1

నీళ్ళతో చల్లబడే కంప్యూటర్ కట్టుకుంటానని చెబితే స్టోరు అంకూస్ అన్న నా మొహం వంక కాసేపు చూసి, మొగుడు పోయిన దుఃఖం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వస్తుందన్నాడు. తర్వాత లోపలి అరలోకి వెళ్ళి, జనం ఇంకా నేల పైన బతికిన కాలం నాటి సామాను గంపెడు తెచ్చి నా ముందు దించాడు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ కార్డులు, ఒక రాగి పలక, సన్న రేకుల రేడియేటర్, గుప్పెట్లో పట్టే పంపు, మెత్తని గొట్టాలు. తాగే నీళ్ళకే వాటాలు వేసుకునే ఊళ్ళో వాటిని తీసుకెళ్ళి యంత్రంలో పోసేవాళ్ళెవరు? అందుకే ఇవన్నీ ఇన్నేళ్ళూ ఎవరూ ముట్టకుండా పడి ఉన్నాయి.

నేను చేసే పని కప్పు చెవుల కాపలా. మేముండే ఈ పాత బొగ్గుగని కప్పులో రంధ్రాలు తొలిచి మైకులు పెట్టారు. వాటినే చెవులంటాం. రాయి కదిలితే ముందు అవి వింటాయి, తర్వాత నేను వింటాను, ఆ తర్వాత గంట కొట్టి జనాన్ని లేపుతాను. పన్నెండో గ్యాలరీ కప్పు కూలిన రోజు కూడా నేనే విన్నాను, నేనే గంట కొట్టాను. పుట్టగొడుగుల మడుల్లో పనిచేస్తున్న వాళ్ళందరూ బయటికి ఉరికారు. నా మొగుడు ఓదేలు మాత్రం చిట్టచివరి మడి దగ్గర ఉండిపోయాడు. కూలిన చోటు నుంచి విషవాయువు ఊళ్ళోకి పాకుతుందని కమిటీ అదే షిఫ్టులో అడ్డంగా గోడ కట్టించేసింది.

కొద్ది రోజులకు గోడ లోపల మిగిలిపోయిన చెవిలో ఏదో తడుతున్నట్టు చప్పుడు మొదలైంది. కమిటీ పెద్ద పోచమల్లు మామ అది కప్పు సర్దుకోవడమంటాడు. మా అమ్మ అది పోయినోడి దాహమంటుంది. వీళ్ళిద్దరికీ ఏ విషయంలోనూ పొసగదు కానీ ఓదేలు పోయాడన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. నా కడుపులో మూడో మాట ఒకటి మెదులుతోంది. పైకంటే పిచ్చిదంటారు కాబట్టి కంప్యూటర్ కడుతున్నాను.

నమోదు 2

స్టోరుకు వెళ్ళేముందే పోచమల్లు మామను కలిశాను. ఆ చప్పుళ్ళను ఊరి యంత్రంలో ఒక్కసారి జల్లించనివ్వమని అడిగాను. జల్లెడ అనేది మా చెవుల వాళ్ళ పాత ప్రోగ్రాం. ఫ్యాన్ల రొద, పంపుల రొద, బండి చక్రాల మోత ఒక్కొక్క పొరగా తీసేసి అడుగున మిగిలిన చప్పుడేదో తెర మీద గీతలుగా చూపిస్తుంది. మామ విసుక్కోలేదు. ఊరి యంత్రం ఊపిరి ఫ్యాన్లను నడుపుతోందని, దాని నెత్తిన ఇంకో బరువు పెడితే ఏ మూల గ్యాలరీలోనో పసిపిల్లలకు గాలి ఆడదని నెమ్మదిగా చెప్పాడు. పైనున్న వాగు నుంచి ఇన్నాళ్ళకు ఇసుక దిగుతోందట. ఓదేలు మాసికం నాడే పన్నెండో గ్యాలరీలోకి గొట్టంతో ఇసుక కొట్టి నింపేస్తారట. కప్పు ఇంకా కూలకుండా ఉండాలంటే అదొక్కటే దారట. లోపలిది రాయి కాదు మనిషి అని అంతకుముందే చూపిస్తే ఆపుతానన్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆయన కొడుకు కూడా ఒక గోడ వెనకే ఉన్నాడు.

మామూలు వేగంతో నడిపితే నా కంప్యూటర్ జల్లింపు ముగించేసరికి లోపల ఇసుక గట్టిపడి ఉంటుంది. కాబట్టి దాన్ని దాని శక్తికి మించి ఉరికించాలి. ఉరికితే వేడెక్కుతుంది. మా గ్యాలరీల్లో గాలే ఒళ్ళు ఉడికించేలా ఉంటుంది, ఇక ఫ్యాను పెడితే పొయ్యి ఊదినట్టే. నీళ్ళు తప్పవు. నీళ్ళెక్కడివని అంకూస్ అన్న అడగలేదు, నేను చెప్పలేదు.

అవి ఓదేలు వాటా నీళ్ళు. మా ఊళ్ళో మనిషి గోడ వెనక పోతే వాటా ఆఫీసు అతని చెంబు నీళ్ళు మాసికం దాకా ఇస్తూనే ఉంటుంది. ఇంటివాళ్ళు వాటిని తాగకూడదు. గోడ అడుగున చెయ్యి దూరేంత గొట్టం ఒకటి వంచి పెట్టి ఉంటుంది. ఆ వంపులో నీళ్ళు నిలిచి ఉంటే లోపలి వాయువు బయటికి రాదు. దానికోసం మొదలైన పని ఏ తరంలోనో తర్పణమైపోయింది. రోజూ వెళ్ళి ఆ గొట్టంలో చెంబుడూ పోసి దణ్ణం పెట్టుకుని రావాలి. గోడ తడితే పలకొద్దు, నీళ్ళు పొయ్యి అని పెద్దల మాట. పలికితే మనల్ని కూడా లోపలికి పిలుచుకుంటారట. మొదట్లో ఉండబట్టలేక నేను గోడను పిడికిళ్ళతో బాదాను. కావలివాడు రెక్క పట్టుకుని ఈడ్చేశాడు. గోడ పగిలితే ఊరంతా పోతుందని అతని భయం. అతన్ని తప్పు పట్టలేను. అప్పటి నుంచి రోజూ నీళ్ళు పోసి వచ్చేది అమ్మే.

నమోదు 3

ఈ రోజు అన్నీ బిగించాను. మంచం మీద బోర్డు పరిచి, వీపు నొప్పి పుట్టేదాకా వంగి కూర్చున్నాను. ప్రాసెసర్ మీద మెంతిగింజంత జిగురు ముద్ద పెట్టమంటే నేను చపాతీకి నెయ్యి పూసినట్టు పూశాను. దాని మీద రాగి పలక, పలక నుంచి గొట్టం, గొట్టం నుంచి రేడియేటర్, అక్కణ్ణుంచి పంపు, మళ్ళీ పలక. రేడియేటర్‌ను తలుపు బయట, గాలి దిగే దారికి ఎదురుగా వేలాడదీశాను. మా వాడలో కాస్త చల్లని గాలి ఆడేది అక్కడే.

పక్కింటివాళ్ళు వచ్చి చూసి, ఓదేలు ఎంత పనిమంతుడో, ఎంత నెమ్మదస్తుడో చెప్పుకుని కళ్ళు ఒత్తుకున్నారు. మొన్నటిదాకా బద్ధకానికి మారుపేరు ఓదేలు అన్నది కూడా వీళ్ళే. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. నా మొగుడు బద్ధకస్తుడే. మడుల మధ్య గోనెసంచి పరుచుకుని పడుకునే అలవాటు ఉండబట్టే గంట కొట్టినప్పుడు లేవలేకపోయాడు. నాకు ఆ బద్ధకస్తుడే కావాలి.

అమ్మ వాటా ఆఫీసు నుంచి చెంబుతో వచ్చింది. అమ్మ పేరు లసుమమ్మ, నేను అవ్వా అంటాను. చెంబు నా చేతికి ఇవ్వకుండా కొంగు కింద పెట్టుకుని నిలబడింది.

"గవి ఓదేలు నీళ్ళు బిడ్డా. నీయి గావు, నాయి గావు."

"ఓదేలు కోసమే అవ్వా. ఒక్క రోజు."

ఇచ్చింది. ఇవ్వడం ఇష్టం లేదని కళ్ళు చెబుతూనే ఉన్నాయి. మా బాపు గోడ తొమ్మిదో గ్యాలరీలో ఉంది. నేనప్పుడు చంకలో పిల్లను. మాసికం దాకా అమ్మ ఒక్క పూట తప్పకుండా పోసిందట. బాపు కూడా తట్టేవాడట. మాసికం తర్వాత కూడా పోస్తే ఆత్మను కట్టేసినట్టవుతుందని పెద్దలు చెబితే ఆపేసింది. ఆపిన కొద్ది రోజులకు తట్టడం ఆగిపోయింది. ఆత్మ తృప్తి పడిందని ఊరంతా అమ్మను మెచ్చుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ మెప్పే అమ్మకు ఆసరా.

బోర్డుకు కరెంటు ఇవ్వకుండా, కింద పాత చీర పరిచి, పంపు ఒక్కటే నడిపి చూడమని అంకూస్ అన్న ముందే చెప్పాడు. అలాగే చేశాను. గొట్టంలో నీళ్ళు పాములా పాకుతుంటే ముచ్చటేసింది. రేడియేటర్ మూతికి రబ్బరు వాషర్ వెయ్యడం మరిచానని చీర తడిసి ముద్దయ్యాక తెలిసింది. చెంబుడు నీళ్ళూ నేలపాలు. అమ్మ తిడితే బాగుండేది.

నమోదు 4

వాషర్లు వేసి మళ్ళీ నింపాను, మళ్ళీ ఓదేలు నీళ్ళతోనే. ఒక చుక్క కారలేదు. పంపులో గాలి బుడగ ఇరుక్కుని గులకరాళ్ళ డబ్బాలా గలగలమంటుంటే, బాలింత బిడ్డను త్రేన్పించినట్టు పెట్టెను అటూ ఇటూ వంచి, తట్టి, బుడగ బయటికి పంపాను. అప్పుడు కరెంటు ఇచ్చాను.

వెలిగింది. నా చేత్తో కట్టినది వెలిగింది. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ముగిసేలోపే వేడి సర్రున ఎక్కి యంత్రం దానంతటదే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ ఆరిపోయింది. గొట్టాలేమో చల్లగానే ఉన్నాయి. అంకూస్ అన్న వచ్చి అంతా విప్పదీసి, రాగి పలక అడుగున గోటితో గీకి, గాజులాంటి పల్చని ప్లాస్టిక్ పొర ఒకటి లాగి నా కళ్ళ ముందు ఆడించాడు. కొత్త సామానుకు గీతలు పడకుండా అంటించే పొర అది. నేను దాన్ని తియ్యకుండానే బిగించాను. పెళ్ళికొడుక్కి దుప్పటి కప్పి తలంబ్రాలు పోశావన్నాడు.

విప్పేటప్పుడు పోయిన నీళ్ళు పోగా మిగిలినవి చూస్తే అడుగున తెల్లటి పక్కు. మా గని నీళ్ళు అంతే, కాస్తే గిన్నెకు సున్నం కడుతుంది. సన్న రేకుల్లో ఆ సున్నం పేరుకుంటే రేడియేటర్ పని అయిపోయినట్టే. ఆవిరి పట్టి తీసిన నీళ్ళే పొయ్యాలట. ఆవిరి పడితే సగానికి సగం తగ్గుతాయి. అంటే మళ్ళీ కొన్ని రోజుల చెంబులు.

పాచి పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కూడా కలపమన్నాడు అంకూస్ అన్న. అమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని వింటూ ఉన్నదల్లా లేచి వచ్చి ఆ పొట్లం తీసి ఆయన జేబులోనే పెట్టేసింది. పోయినోడి నీళ్ళల్లో విషం కలపనివ్వనంది. ఆ ఒక్కదానికీ నేను ఎదురు చెప్పలేదు.

నమోదు 5

రోజులన్నీ ఆవిరికే పోతున్నాయి. గిన్నె మీద గిన్నె బోర్లించి, చుక్క చుక్కా పడుతున్నాను. మా ఇద్దరి తాగే వాటాలోంచి కూడా కొంత తీసి కలిపాను. గోడ దగ్గరికి ఎవరం పోవడం లేదు.

డ్యూటీలో లోపలి చెవి తీగకు నా చెవి ఆనించి కూర్చుంటే ఆ తట్టుడు సరిగా దొరకడం లేదు. ముందు రొద చాటున దాక్కున్నట్టుండేది, ఇప్పుడు దూరం వెళ్ళిపోతున్నట్టుంది. అమ్మకు చెబితే, దాహమైనోడు ఎంతసేపని తడతాడంది. నాకు ఒళ్ళు మండింది. దాహం, ఆత్మ, తృప్తి అని అమ్మ మీద గట్టిగా అరిచాను. ఓదేలును బతికున్నవాడని చూపించడానికి నేను కిందా మీదా పడుతుంటే నువ్వు రోజూ వాణ్ణి చంపుతున్నావన్నాను. అమ్మ ఖాళీ చెంబు తోముతూ కూర్చుంది. తోమిందే తోమింది.

నమోదు 6

నడిచింది. ఆగకుండా నడిచింది.

వేగం ఒక మెట్టు పెంచాలి, సరిపోకపోతే వోల్టేజి చిటికెడు పెంచాలి, కాసేపు నడిపి వేడి చూసుకోవాలి, అప్పుడు ఇంకో మెట్టు. అంకూస్ అన్న చెప్పిన పద్ధతి ఇది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను ఒకేసారి నాలుగు మెట్లెక్కించాను. తెర నీలంగా మారి అంతా ఆగిపోయింది. చెంపలేసుకుని మళ్ళీ మొదటి మెట్టు నుంచి వచ్చాను. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే రేడియేటర్ మీదుగా వచ్చే గాలి వెచ్చబడటం చేతికి తెలుస్తోంది. లోపల వేడి డెబ్బై దాటి అక్కడే నిలబడింది. ఇంకో మెట్టెక్కితే పడిపోతుంది, ఇక్కడైతే నిలుస్తుంది. నా జీవితంలో ఏ పనీ ఇంత కచ్చితంగా చెయ్యలేదు.

చెవి రికార్డులు ఎక్కించి జల్లెడ మొదలుపెట్టాను. గోడ కట్టిన రోజు నుంచి వరసగా జల్లిస్తుంది. మాసికం నాటికి నిన్నటి చప్పుళ్ళ దాకా రావాలి. పోచమల్లు మామకు కావలసింది అదే. ఎప్పుడో తట్టాడంటే సరిపోదు, ఇప్పుడు తడుతున్నాడని తేలాలి.

గొట్టాల్లో ఓదేలు నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి. ఆ సన్నని చప్పుడు వింటుంటే గదిలో ఇంకెవరో ఊపిరి పీలుస్తున్నట్టుంది. అమ్మ ఆ వైపు వీపు పెట్టి పడుకుంటోంది.

నమోదు 7

ఈ రోజు మాసికం. ఇది గబగబా రాస్తున్నాను, తర్వాత రాసే తీరిక ఉంటుందో లేదో.

పొద్దున షిఫ్టు గంటకు లేచి చూసేసరికి మొదటి రోజులన్నీ తెర మీద శుభ్రంగా ఉన్నాయి. రొద లేదు. నల్లటి తెర మీద తెల్లటి గీతలు గుత్తులు గుత్తులుగా. కాసేపు తట్టడం, కాసేపు ఆగడం, మళ్ళీ తట్టడం. రాయి అలసిపోదు, రాయి సేద తీరదు. మనిషే. నా మూడో మాట నిజం.

ఆ గుత్తులు ఎప్పుడెప్పుడు వస్తున్నాయా అని చూశాను. అక్కడే తప్పు చేశానో, మంచి చేశానో. ప్రతిరోజూ అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి వచ్చే వేళకు, ఆ వెంటనే, చప్పుళ్ళు జోరందుకుంటున్నాయి. కొంతసేపు గట్టిగా, తర్వాత నెమ్మదిగా, మర్నాడు మళ్ళీ ఆ వేళకే గట్టిగా. అలా వచ్చి వచ్చి ఒక రోజు ఆ వేళకు ఏమీ లేదు. ఖాళీ. అది నేను వాషర్ మరిచిపోయిన రోజు. మర్నాడు చాలా ఆలస్యంగా నాలుగు గీతలు. అది ప్లాస్టిక్ పొర రోజు. ఆ తర్వాత ఆవిరి పట్టిన రోజులు. గీతలు పల్చబడుతూ, ఎడమవుతూ, కిందికి జారుతూ.

గొట్టంలో పోసిన నీళ్ళు వంపు నిండాక ఎటు పోతాయని మా ఊళ్ళో ఇన్ని తరాల్లో ఒక్కరూ అడగలేదు. నేల లోపలి వైపుకు వాలుగా ఉంది. నీళ్ళు లోపలికి పోతాయి. మడుల్లో పుట్టగొడుగులున్నాయి, తినడానికి దొరుకుతుంది. లేనిది నీళ్ళొక్కటే. రోజూ ఒక చెంబు వస్తుంటే వాడు తాగి, ఇక్కడున్నానని తట్టాడు. అమ్మ చెప్పిందే నిజం, అది దాహమే. కానీ పోయినోడి దాహం కాదు.

వాడు బతికున్నాడని చూపించడానికి వాడి నీళ్ళే గుంజుకున్నాను.

ఇంట్లో చుక్క లేదు. వాటా కుళాయి తెరిచేసరికి ఇసుక పంపు మొదలవుతుంది. నీళ్ళున్నది యంత్రంలోనే. జల్లెడ ఇంకా నిన్నటి దాకా రాలేదు. ఈ షిఫ్టంతా నడిస్తే వస్తుంది. నడవనిస్తే చేతిలో రుజువుంటుంది, లోపల వాడికి గుక్కెడు నీళ్ళుండవు. ఆపితే నీళ్ళుంటాయి, రుజువుండదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఈ రోజు తెలిసింది. నుయ్యిలో నీళ్ళైనా ఉంటాయి.

యంత్రం ఆపేశాను. కింది గొట్టం ఊడబీకి చెంబులో పట్టాను. గోరువెచ్చగా, తేటగా ఉన్నాయి. మైలుతుత్తం పడనివ్వని అమ్మ చెయ్యి ముద్దు పెట్టుకుని, తెర మీద గీతలు చూపించాను. అమ్మకు గీతలు చదవడం రాదు. నీళ్ళు పోసిన వేళ ఇది, తట్టిన వేళ ఇది అని వేలు పెట్టి చెప్పాను. అమ్మ చాలాసేపు చూసింది. కొంగు బిగించి ముందు నడిచింది.

నమోదు 8

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గోడ దగ్గర ఇసుక గొట్టం బిగించి ఉంది. పోచమల్లు మామ, ఇసుక పనివాళ్ళు, కావలివాడు, వాయువు దీపం పట్టుకుని అంకూస్ అన్న. రుజువు తెచ్చావా అని మామ అడిగాడు. తేలేదని, నీళ్ళు తెచ్చానని చెప్పాను. అక్కడి ఫ్యానూ పంపూ కాసేపు ఆపమని బతిమాలాను. మాసికం నాడు కడసారి నీళ్ళు పొయ్యనివ్వకుండా ఉండలేడు కాబట్టి ఆపించాడు. లోపలి చెవి తీగకు చిన్న స్పీకర్ కలిపి నేల మీద పెట్టి, సగం చెంబు గొట్టంలో పోశాను.

వంపులో నీళ్ళు గుడగుడమన్నాయి. తర్వాత ఏమీ లేదు. ఎంతసేపో. అప్పుడు స్పీకర్‌లో నేల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు, బరువుగా, ఆగి ఆగి. ఆ తర్వాత రాయితో రాయిని కొట్టినట్టు ఒక దెబ్బ. కొంచెం ఆగి ఇంకొకటి.

అది కప్పు సర్దుకోవడమే అన్నాడు మామ. కానీ ఆ మాటలో బలం లేదు. మిగిలిన సగం పోశాను. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. దెబ్బలు దగ్గర దగ్గరగా పడ్డాయి. పొద్దున తెర మీద చూసిన గుత్తుల సంగతి, నీళ్ళు ఆపిన రోజుల సంగతి అందరికీ వినబడేలా చెప్పాను.

ఒక్కరూ కదల్లేదు. నేను అనుకున్నది వేరు, ఇంత తెలిశాక గోడ మీద విరుచుకుపడతారని అనుకున్నాను. వాళ్ళ మొహాలు చూశాక అర్థమైంది. అక్కడ నిలబడ్డ ప్రతివాడికీ ఎక్కడో ఒక గోడ ఉంది. ప్రతివాడూ మాసికం దాకా నీళ్ళు పోసినవాడే, ఆ తర్వాత ఆపినవాడే. ఓదేలు బతికున్నాడంటే ఆ గోడలన్నిటికీ జవాబు చెప్పుకోవాలి.

పోచమల్లు మామ నా వైపు చూడకుండా అడిగాడు.

"గిది నిజమైతే నా కొడుకును నేనేం జేసినట్టు సుగుణా?"

నేను నోరు తెరిచేలోపే మామ పంపు నడపమన్నాడు. ఇసుక పనివాడొకడు చక్రం మీద చెయ్యి వేశాడు కానీ తిప్పలేదు. తిప్పవద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ కాసేపు ఎటైనా జరిగి ఉండేది.

ఇటుకల కుప్ప మీదున్న గడ్డపార అమ్మ చేతికి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. గోడకు ఎదురుగా నిలబడి, ఎవరితోనో కాదు, నాతోనే చెప్పింది.

"మీ బాపుకు నీళ్ళు బంద్ వెట్టింది నేనే బిడ్డా. తట్టుడు ఆగితే సల్లవడ్డడనుకున్న. ఇగ ఈనికి బంద్ వెట్టనియ్య."

కావలివాడు అడ్డం రాలేదు. మొదటి పోటుకు సున్నం రాలింది. డెబ్బై ఏళ్ళ మనిషి, రెండో పోటుకే ఊగిపోయింది. నేను రెండో చెయ్యి వేశాను. అంకూస్ అన్న దీపం రంధ్రానికి దగ్గరగా పట్టాడు. మంట మామూలుగానే వెలిగింది, విషవాయువు లేదన్నమాట. అప్పుడు ఒక ఇసుక పనివాడు వచ్చి గడ్డపార తన చేతికిమ్మన్నాడు, తర్వాత ఇంకొకడు. పోచమల్లు మామ మాత్రం వెనక్కి తిరిగి, ఎవరికీ చెప్పకుండా, తన కొడుకు గోడ ఉన్న గ్యాలరీ వైపు వెళ్ళిపోయాడు.

ఓదేలు గొట్టం మూతి దగ్గరే బోర్లా పడి ఉన్నాడు, నోరు రాతికి ఆనించి. ఎత్తితే గోనెసంచంత బరువు కూడా లేడు.

నమోదు 9

ఇప్పుడు గంజి తాగుతున్నాడు. కళ్ళకు వెలుతురు పడటం లేదు, గుడ్డ కట్టాం. ఎక్కువ మాట్లాడడు. నిన్న నా చెయ్యి తడిమి పట్టుకుని అడిగాడు.

"నడుమల నీళ్ళు రాలే. ఏడికి వోయినవ్?"

దాచలేదు. కంప్యూటర్ కట్టానని, నీ నీళ్ళు దానికి పోశానని, ఒకసారి నేలపాలు కూడా చేశానని మొత్తం చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. విన్నాడు. అది మంచిగ తాగిందా మరి అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పరాచికమో, కోపమో మొహం కనబడితే తెలిసేది. నాకు మళ్ళీ అడిగే ధైర్యం లేదు.

నమోదు 10

ఊరు ఊరులా లేదు. వాటా కుళాయి దగ్గర గొడవల్లేవు, మాటల్లేవు. నీళ్ళు పట్టుకున్నవాళ్ళు ఇళ్ళకు పోకుండా పాత గోడల దగ్గరికి పోతున్నారు. ఎప్పుడో తాతల నాటి గోడలకు కూడా తమ తాగే నీళ్ళు తెచ్చి పోస్తున్నారు. పోసి, గోడకు చెవి ఆనించి కూర్చుంటున్నారు. ఏ గోడా తట్టడం లేదు. పోచమల్లు మామ తన కొడుకు గోడ దగ్గర నుంచి లేవడం లేదని, కమిటీకి వేరే పెద్దను చూడాలని అనుకుంటున్నారు.

ఊరి యంత్రం ఏ చప్పుడునూ పారెయ్యదు. అన్ని గోడల వెనక రికార్డులూ దాన్లో ఉన్నాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఒక్కొక్కరే వచ్చి, మావాళ్ళవి జల్లించకు సుగుణా అని చెప్పి పోతున్నారు. జల్లించనని అందరికీ మాటిచ్చాను. వాళ్ళకు నామీద కోపం లేదు, కానీ గ్యాలరీలో నేను ఎదురుపడితే పక్కకు తప్పుకుంటున్నారు.

యంత్రాన్ని మళ్ళీ విప్పి స్టోరుకు ఇచ్చేద్దామనుకున్నాను. ఈ రోజు అమ్మ తన చెంబుతో వచ్చింది, తన తాగే వాటా. నేను అడక్కముందే గిన్నె మీద గిన్నె బోర్లించి ఆవిరి పెట్టింది. బాపు రికార్డులు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. వద్దు అవ్వా అన్నాను. చేతులు పట్టుకున్నాను. నా చేతులు మెల్లగా విడిపించుకుని యంత్రం ముందు పీట వేసుకుంది.

గొట్టాలు బిగించాను, నింపాను, వెలిగించాను. ఈసారి ఒక్క చుక్క కారలేదు. వేగం పెంచలేదు, ఈ పనికి తొందరేమీ లేదు. ఏ రోజు నుంచి మొదలుపెట్టాలని జల్లెడ అడిగింది. నేను గోడ కట్టిన రోజు కొట్టబోతుంటే అమ్మ నా వేళ్ళ మీద చెయ్యి పెట్టి ఆపింది.

"గక్కడి నుంచి అద్దు. నేను నీళ్ళు ఆపిన నాటి నుంచి వెట్టు."